గంధకం ముచ్చట

రంగు ఖాతాలో పనిచేసినోళ్ళకు గంధకం గురించి కొత్తగా చెప్పే పని లేదు. వాళ్ళ ముక్కుకే తెలుసు. కానీ మన పత్రిక పోయే ఇండ్లల్ల సాంచాల మీద పనిచేసినోళ్ళు ఉన్నరు, నూలు ఖాతా వాళ్ళు ఉన్నరు, మిల్లు మొఖం ఎన్నడూ చూడని పిల్లలు కూడ ఉన్నరు. పోయిన నెల బాబుపేట నుంచి ఒక చెల్లె ఉత్తరం రాసింది. వాళ్ళ పిల్లగాడు పన్నెండో తరగతి సైన్సు చదువుతున్నడట. "కాకా, బ్యాటరీల చదువు వేరే, రాకెట్ల చదువు వేరే, జీవకణాల చదువు వేరే అంటున్నరు. మూడూ మంచివే అంటున్నరు. వీటికి ఒకదానికొకటి సంబంధం ఉన్నదా? వీడు ఏది పట్టుకోవాలె?" అని అడిగింది. నాలుగో తరగతి చదివినోన్ని పట్టుకుని ఇసొంటి సంగతి అడిగిన్రని మా ఇంటామె ఒక పూటంత నవ్వింది. నవ్వనీ. నేను గ్రంథాలయం పోయి చదివిన, బీఎస్సీ చదివే మా మనవరాలిని కూచోబెట్టుకుని అడిగిన. ఆ మూడు చదువులల్ల నాకు తెలిసిన సరుకు ఒకటి కనబడ్డది. అదే గంధకం. అందుకని దాని చెయ్యి పట్టుకునే పోతున్న.

ముందుగాల మిల్లు సంగతి. మా దగ్గర నల్ల రంగు అంటే సల్ఫర్ బ్లాకే. గొడుగు గుడ్డ, నిక్కరు గుడ్డ, అస్తరు గుడ్డ, అన్నీ దానితోనే. చవకది, ఉతికినా పోనిది. అయితే ఆ రంగుకు ఒక గుణం ఉన్నది. డబ్బాలో పొడిగ ఉన్నప్పుడు నీళ్ళల్ల కరగదు. ఎంత కలిపినా అడుగుకు పడుతది. కరగని రంగు పోగు లోపలికి పోదు గదా. అందుకని సోడియం సల్ఫైడు వేసి కాగబెడతరు. అప్పుడు రంగు కరిగి, నలుపు పోయి, పచ్చపచ్చగ అయితది. జిగ్గరు మీద గుడ్డ ఆ తొట్టిలోంచి ఇటొక్కసారి అటొక్కసారి తిరుగుతది. కరిగిన రంగు పోగు లోపలికి దూరుతది. తర్వాత గాలి తగలనిస్తరు, లేదంటే మందు నీళ్ళల్ల నడుపుతరు. ఆక్సిజన్ అందంగనే రంగు మల్ల కరగనిదయి పోగు లోపలనే గట్టిపడి చిక్కుకుంటది. పోయేటప్పుడు కరగాలె, పోయినంక కరగొద్దు. కొత్తగ వచ్చిన బదిలీ పిల్లలకు మా మేస్త్రీ ఈ ఒక్క మాటే చెప్పేటోడు. కడుగుడు సరిగ్గ లేకపోతే పైపైన ఉన్న రంగు కారుతది, పక్కన పెట్టిన తెల్ల గుడ్డ కూడ కరాబు అయితది.

ఇంకొక సంగతి. సల్ఫర్ బ్లాక్ గుడ్డ ఏండ్ల తరబడి తడి గోదాముల ఉంటే జీర్ణమయితది. చేత్తో గుంజితే చిరుగుతది. ఎందుకంటే రంగులో మిగిలిన గంధకం గాలితోని, తేమతోని కలిసి కొంచెం కొంచెంగ గంధకామ్లం అయితది. ఆ ఆమ్లం నూలును తింటది. ఈ మాట గుర్తు పెట్టుకోండ్రి, కింద మల్ల వస్తది.

ఇప్పటికీ చిన్న చిన్న రంగు పనులల్ల ఉన్న పిల్లల కోసం ఒక్క జాగ్రత్త రాస్తున్న. సల్ఫైడు ఉన్న తొట్టిలో గాని, ఆ నీళ్ళు పోయే మోరీలో గాని ఆమ్లం పడితే కుళ్ళిన గుడ్ల వాసన గ్యాసు లేస్తది. అది ప్రాణం తీసే గ్యాసు. దాని మోసం ఏందంటే, కొంచెం ఉన్నప్పుడు బాగ వాసన వస్తది, ఎక్కువయితే ముక్కు మొద్దుబారి వాసనే తెల్వదు. వాసన పోయింది, గండం గడిచింది అనుకుని లోపలికి దిగుతరు. ఒకడు పడిపోతే వాన్ని తీసుకొచ్చేటందుకు ఇంకొకడు దిగుతడు. దిగొద్దు. బయటి నుంచి మనుషులను పిలువుండ్రి.

ఇగ బ్యాటరీ. నాకు మనవరాలు చెప్పిన తీరుల చెప్తున్న. రెండు గట్లు, నడుమ ఒక వాగు అనుకోండ్రి. ఒక గట్టు మీద లిథియం అనే లోహం ఉన్నది, లోహాలన్నిట్ల తేలికైనది అదే. బ్యాటరీ వాడుతున్నప్పుడు లిథియం వాగుల పడి ఈది అవతలి గట్టుకు పోతది. కానీ దాని మూట, అంటే ఎలక్ట్రాను, వాగుల పోలేదు. అది బయట తీగ మీదనుంచి చుట్టు తిరిగి పోవాలె. ఆ తిరుగుడులనే బల్బు వెలుగుతది, ఫోను నడుస్తది. ఛార్జింగు పెడితే అన్నీ వెనుకకు వస్తయి. ఇంతే. ఇప్పుడు మన ఫోనుల్ల, బండ్లల్ల ఉన్నది లిథియం అయాన్ బ్యాటరీ. ఇది 1991ల బజారుకు వచ్చింది. దీన్ని తయారు చేసినందుకు గుడెనఫ్, విట్టింగ్‌హామ్, యోషినో అనే ముగ్గురికి 2019ల నోబెల్ బహుమతి ఇచ్చిన్రు. గుడెనఫ్‌కు అప్పటికి 97 ఏండ్లు. మన దగ్గర 58కే ఇంటికి పంపుతరు!

ఈ బ్యాటరీల అవతలి గట్టు కోబాల్టు, నికెలు లాంటి లోహాలతో కట్టినది. అవి పిరమైనవి, బరువైనవి. ఆ జాగల గంధకం పెడితే ఎట్లుంటది అని చానా ఏండ్ల నుంచి ప్రపంచమంత పరిశోధన నడుస్తున్నది. గంధకం చవక. పెట్రోలు శుద్ధిచేసే కార్ఖానాలల్ల నూనెలకెళ్ళి తీసేసిన గంధకం పచ్చని గుట్టలుగ పడి ఉంటది. తేలిక కూడ. ఒక్కొక్క గంధకం అణువు రెండు లిథియంలను పట్టుకోగలదు. ఇప్పుడు మంచి లిథియం అయాన్ బ్యాటరీ కిలోకు సుమారు 250 వాట్ అవర్ల కరెంటు దాస్తది. అంటే 50 వాట్ల పంకా 5 గంటలు తిరుగుతది. గంధకం బ్యాటరీ కాగితం మీద లెక్క కడితే దానికి పది రెట్లు వస్తది. చేతల్ల అంత రాదు, కానీ రెండింతలకు దగ్గరి వరకు ప్రయోగశాలలల్ల వచ్చింది. 2010 జులైల జెఫిర్ అనే మనిషి లేని విమానం పగలు ఎండతోని, రాత్రి ఈ గంధకం బ్యాటరీతోని దిగకుండ 14 దినాలు ఆకాశంల తిరిగింది. మరి ఇంత మంచిదైతే ఫోనుల ఎందుకు రాలేదు?

ఇక్కడనే నాకు రంగు ఖాతా యాదికొచ్చింది. గంధకం అణువులు ఎనిమిదేసి చేతులు పట్టుకుని గుండ్రంగ ఉంటయి, బతుకమ్మ ఆడే ఆడోళ్ళ లెక్క. లిథియం వచ్చి నడుమ దూరంగనే ఆ గుండ్రం తెగి గొలుసు అయితది. ఎనిమిది పూసల గొలుసు, ఆరు పూసలది, నాలుగు పూసలది, చివరకు రెండు, ఒకటి. ఒకటి రెండు పూసలవి కరగవు. కానీ పొడుగు గొలుసులు వాగుల కరుగుతయి. అచ్చం తొట్టిల సల్ఫర్ బ్లాక్ కరిగినట్టే. కరిగినవి తమ గట్టు విడిచి లిథియం గట్టుకు కొట్టుకపోయి అక్కడ అతుక్కుంటయి. కొన్ని మల్ల తిరిగి వస్తయి, మల్ల పోతయి. కరెంటు దండుగ. గంధకం తగ్గుకుంట పోతది, కొన్ని వందల ఛార్జింగులకే బ్యాటరీ నీరసపడుతది. రంగు కారి తెల్ల గుడ్డకు అంటినట్టు అన్న మాట. ఈ పోవుడు వచ్చుడుకు శాస్త్రవేత్తలు ఏం పేరు పెట్టిన్రో తెలుసా? షటిల్! సాంచాల నడిచే మన నాడె పేరే. మనవరాలు ఈ మాట చెప్పంగనే నాకు పిల్లగాని లెక్క సంబురమయింది. నాడె అటూ ఇటూ పోతే గుడ్డ తయారయితది, ఈ నాడె పోతే బ్యాటరీ ఖతమయితది, అంతే తేడా.

ఇంకా రెండు తిప్పలు ఉన్నయి. గంధకంలనుంచి కరెంటు పారదు, అందుకని దాన్ని కర్బనంల కలపాలె. లిథియం ఎక్కినప్పుడు గంధకం దగ్గర దగ్గర 80 శాతం ఉబ్బుతది, దిగినప్పుడు పీక్కపోతది. అట్ల ఉబ్బి పీక్కపోయి గట్టు పగుళ్ళు పడుతది. మందు ఏందంటే, గంధకాన్ని సన్నని రంధ్రాలున్న కర్బనంల ఇరికించుడు. నూలు గుడ్డనే గాలి తగలకుండ మస్తు వేడి మీద కాల్చి, బొగ్గు గుడ్డ చేసి, దాని పోగుల సందుల గంధకం పట్టించే ప్రయోగాలు కూడ జరిగినయి. పోగు లోపల గంధకాన్ని ఎట్ల నిలపాలె అనేదే మొత్తం ప్రశ్న. అది మా మేస్త్రీ అడిగే ప్రశ్ననే. ఆయనకు ఎవ్వరూ ప్రయోగశాల ఇయ్యలేదు గని, జవాబు మాత్రం తొట్టికాడ నిలబడి రోజూ వెతికేటోడు.

రాకెట్ల దగ్గరికి వద్దాం. మన తెలుగోళ్ళ గడ్డ మీద, సూళ్ళూరుపేట పక్కన శ్రీహరికోట ఉన్నది. అక్కడినుంచి మొట్టమొదటి చిన్న రాకెట్టు 1971 అక్టోబరు 9న లేచింది. 2023 జులై 14 పగలు 2 గంటల 35 నిమిషాలకు చంద్రయాన్-3 లేచింది అక్కడినుంచే. ఆగస్టు 23 సాయంత్రం 6 దాటి 4 నిమిషాలకు చంద్రుని దక్షిణ ధ్రువం దిక్కున దిగింది. మా గల్లీల టీవీ ఉన్న ప్రతి ఇంట్ల జనం, తలుపుల దాక నిండిన్రు. అందులనుంచి ప్రజ్ఞాన్ అనే ఆరు చక్రాల బండి దిగింది. బరువు 26 కిలోలు, అంటే ఒక బియ్యం సంచి. ఆ బండి అక్కడి మట్టిల ఏమున్నదో చూసి చెప్పింది. అల్యూమినియం, కాల్షియం, ఇనుము, టైటానియం అన్నీ ఉన్నయి గని, అందరూ గట్టిగ చెప్పుకున్నది గంధకం. ఆగస్టు 29న ఇస్రో ప్రకటన చేసింది. దక్షిణ ధ్రువం దగ్గర నేల మీదనే ఉండి గంధకాన్ని పసిగట్టుడు అదే మొదటిసారి.

ముక్కు లేని బండికి గంధకం ఎట్ల తెలిసింది? పొయ్యిల ఉప్పు చల్లండ్రి, మంట పసుపు అయితది. రాగి తీగ కాలిస్తే ఆకుపచ్చ మంట వస్తది. ఒక్కొక్క సరుకుది ఒక్కొక్క రంగు. ప్రజ్ఞాన్ లేజరు అనే సన్నని కాంతి సూదితోని మట్టిని పొడిచింది. పొడిచిన జాగల మట్టి క్షణంల భగ్గుమని ఆవిరి అయ్యి వెలుగుతది. ఆ వెలుగుల ఏ ఏ రంగులు ఉన్నయో పరికరం లెక్క పెడుతది. రంగును చూసి సరుకు పోల్చుడు మనకు తెలిసిన విద్యనే. ఈ పరికరం బెంగుళూరుల ఇస్రో ప్రయోగశాలల తయారయింది. అహ్మదాబాదుల తయారైన ఇంకొక పరికరం కూడ వేరే తీరుగ చూసి గంధకం ఉన్నదనే చెప్పింది. ఇద్దరు మేస్త్రీలు వేర్వేరుగ చూసి ఒకటే మాట చెప్తే నమ్మాలె గదా.

గంధకంతో అక్కడ పనేంది అనొచ్చు. చంద్రుని మీద ఎప్పటికన్న గోడ కట్టాలంటే సిమెంటుకు నీళ్ళు ఎక్కడివి? గంధకాన్ని కరిగించి మట్టితో కలిపి చల్లారిస్తే నీళ్ళు లేకుండనే రాయి లెక్క గట్టిపడుతది. దాని మీద కూడ పరిశోధనలు ఉన్నయి.

కానీ ఆ బండికి ఏమైంది? చంద్రుని మీద పగలు మన లెక్కల 14 దినాలు, రాత్రి 14 దినాలు. పగలంత ఎండ పలకలతోని పనిచేసింది. సెప్టెంబరు 2న బండిని, 4న ల్యాండరును బ్యాటరీలు నింపి పండబెట్టిన్రు. రాత్రి అక్కడ సున్నాకు కింద 200 డిగ్రీల దాక చలి. తెల్లారినంక లేపబోతే లేవలేదు. పని మాత్రం అనుకున్నంత చేసే పడుకున్నది, అందుల లోటు లేదు. చెల్లె అడిగిన సంబంధం ఇదే. రాకెట్టు ఇంజనీరు ఎంత గొప్పోడయినా బ్యాటరీ ఒప్పుకోకపోతే ఆగిపోవలసిందే. ఒక్క కిలో బరువు తగ్గితే ఒక్క కిలో పరికరం ఎక్కువ తీసుకపోవచ్చు, అందుకనే తేలికైన గంధకం బ్యాటరీ మీద అంతరిక్షమోళ్ళకు కన్ను. ఇంకొక ముక్క కూడ వినుండ్రి. రాకెట్టు మూతిలనుంచి మంట వచ్చేకాడ ఇనుము కూడ కరుగుతది. అక్కడ రేయాన్ గుడ్డను కాల్చి చేసిన కర్బన గుడ్డకు జిగురు పట్టించి పొరలు పొరలుగ అద్దుతరు. గుడ్డ పని తెలిసినోడు రాకెట్టుకు కూడ కావాలె.

మూడోది జీవకణాల చదువు. ఊలు గుడ్డనా, నూలు గుడ్డనా అని తెల్వనప్పుడు మనమేం చేస్తం? ఒక పోగు కాల్చి చూస్తం. నూలు అయితే కాగితం కాలిన వాసన, ఊలు అయితే వెంట్రుకలు కాలిన వాసన. ఊలు, వెంట్రుకలు, గోర్లు మాంసకృత్తులు. అందుల గంధకం ఉంటది, ఆ కంపుల దానిది కూడ పాలు ఉన్నది. ఈ తేడానే పట్టుకుని 1952ల అమెరికాల హెర్షీ అనే ఆయన, మార్తా చేజ్ అనే ఆమె ఒక పెద్ద ప్రశ్న తేల్చిన్రు. తల్లిదండ్రుల పోలిక పిల్లలకు వచ్చేది దేనివల్ల, మాంసకృత్తుల వల్లనా, డీఎన్‌ఏ వల్లనా? మాంసకృత్తులల్ల గంధకం ఉంటది, భాస్వరం దాదాపు ఉండదు. డీఎన్‌ఏల భాస్వరం ఉంటది, గంధకం ఉండదు. బ్యాక్టీరియాను పట్టి చంపే ఫేజ్ అనే అతి చిన్న క్రిమికి గుర్తు పెట్టిన గంధకం కొంత, గుర్తు పెట్టిన భాస్వరం కొంత తినిపించిన్రు. ఆ క్రిములు బ్యాక్టీరియాకు అంటుకున్నంక వంటింటి మిక్సరు లాంటిదాంట్ల తిప్పి బయట అతుక్కున్నదంత ఊడగొట్టిన్రు. చూస్తే గంధకం ఎక్కువ భాగం బయటనే ఉండిపోయింది, భాస్వరం లోపలికి పోయింది. కొత్త క్రిములు పుట్టింది లోపలికి పోయినదానివల్లనే గదా. పోలికను మోసేది డీఎన్‌ఏ అని అట్ల గట్టిపడ్డది. హెర్షీకి 1969ల నోబెల్ వచ్చింది. మిక్సరు కాడ నిలబడి చేసిన చేజ్‌కు రాలేదు. మిల్లులల్ల పనిచేసిన మన ఆడోళ్ళకు ఈ సంగతి నేను విడమరిచి చెప్పే అవసరం లేదు. ఈ డీఎన్‌ఏ చదువుకు మనవాళ్ళ దిక్కున పెద్ద జాగ హైదరాబాదు హబ్సిగూడల సీసీఎంబీ, 1977ల మొదలైంది.

మన ఇండ్లల్ల సగం మందికి షుగరు. ఇన్సులిన్ కూడ మాంసకృత్తే. రెండు గొలుసులు, వాటిని కలిపి కట్టేది గంధకం ముడులు. రెండు గొలుసుల నడుమ రెండు ముడులు, ఒక గొలుసు లోపల ఒకటి. ఆ ముడులు, ఆ మడత సరిగ్గ ఉంటేనే మందు. మనకు మే నెలల 46, 47 డిగ్రీలు పడుతది. ఎండల పెట్టిన ఇన్సులిన్ చూసేటందుకు నీళ్ళ లెక్కనే ఉంటది గని బలం పోతది. ఫ్రిజ్జు లేనోళ్ళు సీసాను ప్లాస్టిక్ సంచిల కట్టి తడి కుండల పెట్టుండ్రి. ఫ్రిజ్జు ఉన్నోళ్ళు మంచుగడ్డ అరల మాత్రం పెట్టొద్దు, గడ్డకట్టినా పాడయితది. మా ఇంటామె సీసా కుండలనే ఉంటది, ఏడేండ్లయింది.

గంధకం విడిచి ఒక్క నిమిషం భాస్వరం ముచ్చట చెప్పాలె, ఎందుకంటే అందుల మన తెలుగాయన ఉన్నడు. యల్లాప్రగడ సుబ్బారావు. భీమవరంల 1895 జనవరి 12న పుట్టిండు. మెట్రిక్ రెండుసార్లు తప్పి మూడోసారి పాసయిండు. పరీక్ష తప్పిన పిల్లల తల్లిదండ్రులు ఈ వాక్యం ఇంకొకసారి చదువుండ్రి. మద్రాసు వైద్య కళాశాలల ఖద్దరు బట్ట కట్టుకుని ఆపరేషన్ గదికి పోయినందుకు దొర ప్రొఫెసరుకు కోపం వచ్చి, పూర్తి డిగ్రీ కాకుండ కింది డిగ్రీతో సరిపెట్టిన్రు. చేనేత గుడ్డకు అంత ధర కట్టిన మనిషి. 1923ల అమెరికా పోయి, ఆస్పత్రిల రాత్రి పాళీ కూలిపని చేసుకుంట చదివిండు. ఒంట్ల భాస్వరం ఎంత ఉన్నదో కొలిచే పద్ధతిని ఫిస్కే అనే ఆయనతో కలిసి 1925ల కనిపెట్టిండు. కొలిచేది కూడ రంగుతోనే, నీలి రంగు ఎంత చిక్కగ వస్తే భాస్వరం అంత ఉన్నట్టు. ఆ కొలతతోనే 1929ల ఏటీపీ అనే పదార్థం దొరికింది. అదే ఏడు జర్మనీల లోమన్ అనే ఆయనకు కూడ వేరుగ దొరికింది. ఏటీపీ అంటే మన ఒంటి బ్యాటరీ. మూడు భాస్వరం పూసలు, చివరిది తెగితే బలం వస్తది, తిన్న అన్నంతోని మల్ల అతుక్కుంటది. తెగుడు అతుకుడు కలిపి లెక్కేస్తే ఒక మనిషి దినానికి దగ్గర దగ్గర తన ఒంటి బరువంత ఏటీపీని తిప్పుతడట.

హార్వర్డుల ఆయనకు పర్మనెంటు నౌకరి ఇయ్యలేదు. 1940ల లెడర్లే అనే మందుల కంపెనీకి పోయిండు. ఆయన నడిపిన ప్రయోగశాలల ఫోలిక్ ఆమ్లం తయారు చేసే పద్ధతి, దానికి ఎదురు పనిచేసి పిల్లల రక్త క్యాన్సరును అణిచే మందులు వచ్చినయి. వాటిలనిదే మెథోట్రెక్సేట్, ఇప్పుడు కీళ్ళవాతానికి కూడ ఇస్తున్నరు. దాన్ని వాడే అక్కలు యాదుంచుకోండ్రి, అది వారానికి ఒక్కసారి వేసుకునేది, రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తది. అదే ప్రయోగశాలనుంచి 1947ల బోదకాలు మందు డీఈసీ వచ్చింది. మరుసటి ఏడు ఆగస్టుల 53 ఏండ్లకే సుబ్బారావు పోయిండు.

ఆ డీఈసీ గోలీలే ఆశా అక్కలు మన గల్లీలకు తెచ్చి ముందర నిలబడి మింగమని అడుగుతరు. చంద్రపూర్, గడ్చిరోలి, నాగపూర్ దిక్కు బోదకాలు పాత జబ్బు. మొన్నటిసారి మా గల్లీల తొమ్మిది ఇండ్లోళ్ళు తలుపు తియ్యలేదు. కొందరు చేతుల పట్టుకుని మోరీల పారేసిన్రు. "మంచిగున్నోళ్ళం మాకెందుకు, మింగితే జరం వస్తది" అన్నరు. కాలు ఉబ్బకముందే పురుగు పిల్లలు ఏండ్ల తరబడి నెత్తురుల తిరుగుతయి, దోమ కుట్టి ఇంకొకరికి అంటిస్తది. మింగినంక కొందరికి తలనొప్పి, జరం వచ్చేది లోపలి పురుగులు చచ్చినందుకే. అంటే జరం వచ్చినోనికే ఆ గోలీ బాగ అవసరం ఉన్నట్టు. ఖాళీ కడుపున మింగొద్దు. రెండేండ్ల లోపు పిల్లలకు, కడుపుతో ఉన్నోళ్ళకు, బాగ జబ్బుతో ఉన్నోళ్ళకు ఇయ్యరు. మిగిలినోళ్ళు మింగుండ్రి.

బాబుపేట చెల్లెకు జవాబు. తల్లీ, పిల్లగాడు ఏ ఖాతాల చేరినా రసాయన శాస్త్రం, లెక్కలు గట్టిగ పట్టుకోమను. పడుగు ఏ సాంచ మీదికైనా అదే పడుగు.

ఇగ చివరగ మన ఊరి గంధకం. బొగ్గుల గంధకం ఉంటది. మన దేశం బొగ్గుల తక్కువే, ఒక శాతానికి లోపు. అర శాతం అనుకున్నా టన్ను బొగ్గుల 5 కిలోలు. అది కాలి ఆక్సిజన్‌తో కలిస్తే 10 కిలోల సల్ఫర్ డయాక్సైడు. మన థర్మల్ స్టేషన్ 2,920 మెగావాట్లది, రోజూ ఎన్ని రేకుల బొగ్గు బండ్లు పోతున్నయో గేటు పడ్డప్పుడల్ల చూస్తనే ఉన్నరు. ఆ గ్యాసు గాలిల తేమతో కలిసి ఆమ్లం అయితది, సన్నని దుమ్ము అయితది. గోదాముల నల్ల గుడ్డకు ఏమయితదని పైన చెప్పిన? ఊపిరితిత్తులు గుడ్డ కన్న మెత్తనివి. 2009ల కేంద్ర కాలుష్య మండలి తీవ్రమైన కాలుష్యం ఉన్న జాగల పట్టీ రాస్తే అందుల చంద్రపూర్ ఉన్నది.

దీనికి మందు తెలిసినదే. పొగగొట్టానికి పోయే ముందు గ్యాసును సున్నపురాయి నీళ్ళల్లకెళ్ళి నడిపితే గంధకం జిప్సం అయి కిందికి దిగుతది. సున్నపురాయి మన జిల్లాల మస్తు, జిప్సం కావలసిన సిమెంటు కార్ఖానాలు గడ్‌చాందూర్ దిక్కున ఉన్నయి. కేంద్రం 2015 డిసెంబరులనే గంధకం గ్యాసుకు హద్దు పెట్టింది. గడువు మీద గడువు పెంచుకుంట వచ్చి 2025 జులైల దేశంల ఎక్కువ థర్మల్ యూనిట్లకు మినహాయింపు ఇచ్చింది. తీవ్ర కాలుష్య ప్రాంతాలకు పది కిలోమీటర్ల లోపల ఉన్నవాటిని మాత్రం ఒక్కొక్కటిగ చూసి తేలుస్తమన్నది. ఖర్చు ఎక్కువ, మన బొగ్గుల గంధకం తక్కువ అని మినహాయింపుకు వాదన. బొగ్గుల తక్కువే కావొచ్చు, కాల్చే బొగ్గు తక్కువనా?

మా అల్లుడు బొగ్గు గనుల కాంట్రాక్టు పనిచేస్తడు. నేను బ్యాటరీల సంగతి చదివి చెప్తుంటే, "మామా, బొగ్గు ఉన్నన్ని దినాలు మాకేం కాదు. సూర్యుడు రాత్రి ఉంటడా?" అన్నడు. నిజమే, ఎండ కరెంటుకు రాత్రి తిప్పలు. ఆ రాత్రి కోసమే బ్యాటరీ. గంధకంది వస్తదో, ఇంకోటి వస్తదో, రేపే వస్తదని నేను అనను. కానీ మన స్టేషన్ల మొదటి రెండు యూనిట్లు, ఒక్కోటి 210 మెగావాట్లవి, ఇప్పటికే మూతపడ్డయి. మిల్లుల మేము కూడ అనుకునేటోళ్ళం, గుడ్డ కట్టనోడు ఉంటడా, మన పని ఎటు పోతదని. ఇప్పటికీ అందరూ గుడ్డలు కడుతనే ఉన్నరు. గుడ్డ ఆగలేదు, మా మిల్లు ఆగింది. నోటీసు గేటుకు అంటించిన నాడే మాకు తెలిసింది. వేరే పని నేర్చుకునేటందుకు అప్పటికి నాకు వయసు మించింది, మూడేండ్లు కూరగాయల బండి తోసిన.

అందుకని అడుగుతున్న. గనులల్ల, థర్మల్ స్టేషన్ల, ముఖ్యంగ కాంట్రాక్టు మీద పనిచేసే కొడుకులు, అల్లుళ్ళు ఉన్నోళ్ళు ఒక కార్డు రాయండ్రి. పొగ శుద్ధిచేసే పనిల గాని, సోలారు, బ్యాటరీ పనిల గాని శిక్షణ ఇస్తమని మీకు ఎవరన్న చెప్పిన్రా? ఐటీఐల అసొంటి తరగతి మీ పిల్లలకు దొరికిందా? యూనియన్ల ఈ మాట లేచిందా? కాంట్రాక్టోళ్ళను లెక్కల రాసుకున్నరా, పర్మనెంటోళ్ళనేనా? పేరు రాయాలంటే భయమైతే రాయకుండ్రి, ఖాతా పేరు, ఎన్నేండ్ల నుంచి పనిచేస్తున్నరో రాస్తే చాలు. వచ్చిన కార్డులన్నీ వచ్చే నెల ఇదే పేజీల వేస్తం.